ఒక్క పాదమే ఎరిగిన బండి

బండి ఎక్కే ముందు జలినుస్ చెప్పులు విప్పి సీటు కిందకి తోశాడు. ఇంట్లోకి వెళ్తూ చెప్పులు విప్పడం అందరూ చేసే పనే. బండెక్కుతూ విప్పేవాడు మాత్రం పయకుంబు ఊరు మొత్తానికి అతనొక్కడే. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో ఎక్కడ వదులుతోందో అరికాలికి తెలియాలి గానీ చెప్పుకేం తెలుస్తుందంటాడు. తాళం తిప్పాడు. పాత కిజాంగ్ వ్యాను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. వెంటనే కదిలించలేదు. చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి, వేడి సూది లేచేదాకా కదలకుండా కూర్చున్నాడు. పొద్దున్నే లేపిన పసిపిల్లని కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టుంటుంది అతని వాలకం.

ఇదంతా అరుగు మీద నుంచి రాఫ్లెస్ చూస్తున్నాడు. జలినుస్ చనిపోయిన భార్య రొస్నిదార్‌కి చెల్లెలి కొడుకు. పెకన్‌బారులో ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. పెద్దమ్మ నూరో రోజు ప్రార్థనకని మూడు రోజుల ముందే దిగాడు. దిగిన దగ్గర్నుంచీ ఇంట్లో కన్నా బండి చుట్టూనే ఎక్కువ తిరుగుతున్నాడు.

"ఇంకా ఎంతసేపు కాస్తావు పెదనాన్నా దాన్ని? ఈపాటికి అన్నం ఉడికిపోయేది!"

"ఇంజనులో నూనె పైకి ఎక్కాలిరా. నీలాగా లేవగానే పరిగెత్తమంటే అది పరిగెత్తదు."

"నేనెక్కడ పరిగెత్తా! పదింటికి గానీ లేవను." రాఫ్లెస్ నవ్వుతూ వచ్చి, బండి తలుపు మీద అరచేత్తో చరిచాడు. "ముందు రంగు మార్పించాలి. ఈ పాచి రంగేంటి! వెనక సీట్లు పీకించేసి స్పీకర్లు పెట్టిస్తా. పెకన్‌బారులో పాత కిజాంగ్ అంటే కుర్రాళ్ళకి మహా మోజు."

జలినుస్ చెయ్యి డాష్‌బోర్డు మీద అలాగే ఉండిపోయింది. "ఎవరి బండికి?"

రాఫ్లెస్ నాలిక్కరుచుకున్నాడు. "దాతుక్ మామయ్య నీకు చెప్పలేదా? నూరో రోజు అయ్యాక... అంటే, నువ్వెలాగూ నీ అక్కగారింటికి వెళ్ళిపోతావు కదా..."

అది జలినుస్‌కి తెలియని సంగతి కాదు. వాళ్ళలో ఇల్లు ఆడవాళ్ళది, పొలం ఆడవాళ్ళది. మగవాడు పెళ్ళాం ఇంట్లో ఎన్నేళ్ళున్నా గౌరవం గల చుట్టమే. పెళ్ళాం పోయాక బట్టలు సర్దుకుని తన అమ్మ కడుపున పుట్టిన ఆడవాళ్ళ ఇంటికి తిరిగి వెళ్ళాలి. తండ్రి అలాగే వెళ్ళాడు, తాత అలాగే వెళ్ళాడు. తానూ వెళ్తాడు. కానీ బండితో పాటు వెళ్తాననుకున్నాడు. ఎందుకలా అనుకున్నాడో అడిగితే చెప్పలేడు. తన కాళ్ళు తనతో వస్తాయని ఎవరైనా ముందుగా అనుకుంటారా?

"పక్కకి తప్పుకో" అని, గేరు వేసి, మెల్లగా కదిలించాడు. 

ఆరోజు పెకన్‌బారు ట్రిప్పుకి ఆరుగురు ఎక్కారు. బజారు దగ్గర ఎక్కిన లావుపాటావిడ ముందు తలుపు తీయబోయింది.

"అక్కడ వద్దమ్మా. వెనక కూర్చో."

"వెనక కూర్చుంటే నాకు తిప్పేస్తుందయ్యా. ముందు సీటు ఖాళీయేగా?"

"దాని స్ప్రింగు పోయింది. కూర్చుంటే గుచ్చుకుంటుంది."

స్ప్రింగుకేమీ కాలేదు. ఆ సీటు కింద మాత్రం ఎన్నిసార్లు ఊడ్చినా ఒకటో రెండో వేరుశనగ పొట్టు రేకులు దొరుకుతూనే ఉన్నాయి. ఖాళీగా ఉన్న రోజుల్లో రొస్నిదార్ పక్కన కూర్చుని వచ్చేది. ఒళ్ళో పొట్లం పెట్టుకుని పప్పులు వలిచి, ఒకటి తన నోట్లోనూ, రెండు మొగుడి నోట్లోనూ వేసేది. లెక్కలో తనకెప్పుడూ తక్కువే వేసుకునేది. ఇప్పుడు తొమ్మిది మలుపుల ఘాటు రోడ్డు ఎక్కుతుంటే, మూడో మలుపు దగ్గర అతని నోరు దానంతటదే కొంచెం తెరుచుకుంది. తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత సిగ్గుపడి మూసుకున్నాడు. నూరు రోజులు కావస్తోంది, అయినా ఆ నోటికి బుద్ధి రాలేదు.

మర్నాడు టీ దుకాణంలో డ్రైవర్లంతా ఈ విషయమే పట్టుకున్నారు. రాఫ్లెస్ సంగతి ఎవరు మోశారో గానీ, జలినుస్ వచ్చేసరికే అందరికీ తెలిసిపోయింది. దుకాణం యజమాని గుడ్డు సొన గిలకొట్టి టీ పోస్తూ, "నీకు ఇంకో గుడ్డు ఎక్కువ వేశాలే" అన్నాడు, చావింటికి వచ్చినవాడికి చెప్పినట్టు.

పియాన్ అనే పాత డ్రైవరు బల్ల మీద గుద్దాడు. జలినుస్‌తో పాటే లైసెన్సు తీసుకున్నవాడు అతను. అతని మొదటి బండి ఎప్పుడో తుక్కయింది, రెండోదీ అయింది, ఇప్పుడు మూడోదాని ఊపిరితిత్తులతో యుద్ధం చేస్తున్నాడు.

"ఎవరిదిరా ఆ బండి? మీ అత్తగారు వాళ్ళ పొలం పంటతో కొంది, నిజమే. ఒప్పుకున్నాం. ఇప్పుడు అందులో అత్తగారు కొన్నది ఏముంది? చెప్పు!"

"ఇంజను మూడుసార్లు విప్పి కట్టించా" అన్నాడు జలినుస్.

"ఇంజను నీది. గేరు పెట్టె?"

"రెండోది. సొలోక్‌లో పడిపోయిన బండిలోంచి తెచ్చా."

"గేరు పెట్టె నీది. తలుపులు?"

"ఎడమవైపువి రెండూ మార్చా. నేల రేకు తుప్పు పడితే మొత్తం కొత్తది వేయించా. రేడియేటరు, డైనమో, సీట్లు..."

"మరి అత్తగారిదేం మిగిలింది?"

జలినుస్ నిజాయితీగా ఆలోచించాడు. "పై కప్పు. అడుగున చట్రం. హారను."

దుకాణమంతా గొల్లుమంది. "అయితే కప్పూ హారనూ వాళ్ళ మొహాన కొట్టి, మిగతాది తోలుకుపో!" అన్నాడు పియాన్. "ఆరున్నర లక్షల కిలోమీటర్లు కదరా! మాలో ఎవడి బండైనా అందులో సగం బతికిందా? ఏం చేసి బతికించావో చెప్పమంటే చెప్పవు."

చెప్పకేం, ఎన్నోసార్లు చెప్పాడు. వినేవాళ్ళే లేరు. నూనె మార్చడం, పల్లంలో బ్రేకు మీద కాక గేరు మీద దిగడం, ఇవన్నీ అందరూ చేసేవే. అసలు కిటుకు ఒక్కటే అతని దృష్టిలో. బండి ఒక్క పాదానికే అలవాటు పడాలి. ఒకడు నొక్కిన చోట ఇంకొకడు నొక్కితే క్లచ్ ప్లేటుకి మతి పోతుంది, గేర్లు బెదురుతాయి, రోజురోజుకీ ఆయుష్షు తరుగుతుంది. అందుకే ఇన్నేళ్ళలో ఆ బండి తాళం ఎవరి చేతికీ ఇవ్వలేదు. మెకానిక్ కూడా ఇంజను విప్పేవాడే గానీ నడిపేవాడు కాదు. మీటరులో అంకెల చక్రాలు అయిదే. లక్ష నిండగానే అన్నీ సున్నాలైపోతాయి. ఎన్నిసార్లు సున్నాలయ్యాయో మీటరు చెప్పదు, జలినుస్ చెప్పాలి. ప్రతి కిలోమీటరూ తన అరికాలి కింద నుంచే పోయిందని అతనికి గట్టి నమ్మకం, అంతకన్నా గట్టి గర్వం.

"అదే చెప్పు మీ ఆవిడ అన్న దాతుక్‌కి" అన్నాడు పియాన్. "ఆ ఇంట్లో ఒక్కడైనా స్టీరింగు పట్టాడా అని అడుగు. ఏం చెప్తాడో చూద్దాం."

జలినుస్ తల ఊపి టీ తాగాడు. తాగుతుంటే, ఎప్పుడో ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. ఘాటు దిగాక తిన్నగా పోయే దారి, అటూ ఇటూ ఎవరూ లేరు. రొస్నిదార్ పప్పులు వలవడం ఆపి, ఎప్పుడూ మొగుణ్ణి పిలిచినట్టే, "ఉదా, ఇక్కడ ఎవరూ లేరు కదా, నాకోసారి నేర్పవా?" అంది. తను పగలబడి నవ్వాడు. "నువ్వు కాలు పెట్టావంటే నా బండి ఆయుష్షు సగమైపోతుంది!" ఆవిడా నవ్వేసి, మళ్ళీ పప్పులు వలిచింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం అప్పుడు హాయిగానే అనిపించింది. ఇప్పుడు ఆ దారిలో ఆ మధ్యాహ్నం ఒక్కసారి తిరిగొస్తే, క్లచ్ ప్లేటు ముక్కలైపోయినా సరేనని అతని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆ మాట పియాన్‌తో అనలేదు. బండి మీద హక్కు అడగబోయే మనిషి అలాంటి మాటలు అనకూడదు కదా.

నూరో రోజు ప్రార్థన సాయంత్రానికి ముగిసింది. చాపల మీద కూర్చున్న ఊరి మగవాళ్ళు రెందాంగ్ మాంసంతో అన్నం తిని, వేళ్ళు కడుక్కుని, లవంగం సిగరెట్లు వెలిగించుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇంటివాళ్ళు మిగిలారు. రొస్నిదార్ అన్నగారు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వంశానికి పెద్ద కాబట్టి అందరూ దాతుక్ అంటారు. కుర్రతనంలో రబ్బరు తోటల్లో లారీ నడిపాడట గానీ, దాతుక్ పదవి వచ్చాక స్టీరింగు ముట్టుకోవడం ఎవరూ చూడలేదు. ఆయన పక్కన రాఫ్లెస్ ఫోను నొక్కుకుంటున్నాడు. జలినుస్ కూతురు యుల్ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చిన్నపిల్లల బడిలో టీచరు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట నలుగుతూ ఉంటుంది. ఆరోజు నలగడం లేదు.

దాతుక్ గొంతు సవరించుకున్నాడు. "సుతాన్..." 

పెళ్ళినాడు అతనికి వచ్చిన బిరుదు అది. అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు వాళ్ళలో. "సుతాన్, మా చెల్లెలు పోయి నూరు రోజులైంది. మీరు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరిచేతా మాట పడే పని చేయలేదు. ఇంకో నాలుగు రోజులు ఉండాలనుకుంటే ఉండండి, ఎవరూ తొందర పెట్టరు. ఇక బండి విషయం..."

"బండి నాది" అన్నాడు జలినుస్.

రాఫ్లెస్ వేలు ఫోను మీద ఆగిపోయింది. జలినుస్ అంత పెద్ద గొంతుతో ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. తన గొంతుకి తనే అదిరిపడ్డాడు గానీ, ఆగితే మళ్ళీ మాట రాదని ఆగలేదు. ఇంజను, గేరు పెట్టె, తలుపులు, నేల రేకు అన్నీ ఏకరువు పెట్టాడు.

దాతుక్ ఓపిగ్గా విన్నాడు. "అంటే మాది కప్పొక్కటేనా?"

"చట్రం కూడా. హారను కూడా."

"పోనీలెండి, హారను మిగిల్చారు. చుట్టాలొస్తే కొట్టుకుంటాం" అన్నాడు దాతుక్. యుల్ పెదవి కొరుక్కుంది. "సుతాన్, ఇంటి దూలం పుచ్చితే మారుస్తాం, పెంకు పగిలితే మారుస్తాం. మార్చినవాడిది అవుతుందా ఇల్లు? బతికించినందుకు మీకు రుణపడే ఉన్నాం. కానీ బండి ఈ ఇంటి ఆడవాళ్ళది."

"ఆడవాళ్ళదా? ఎవరు నడిపారు?" జలినుస్ మోకాళ్ళ మీద లేచాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి కోపం వల్లే అనుకున్నాడు. "ఆరున్నర లక్షల కిలోమీటర్లు దాతుక్! ఈ పాదం! ఈ ఒక్క పాదం! ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు క్లచ్ మీద కాలు పెట్టారేమో చెప్పమనండి. ఇంకో కాలు పడలేదు కాబట్టే అది ఇవాళ్టికీ నడుస్తోంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఈ కుర్రాడి కాలి కింద పడేస్తారా?"

దాతుక్ సిగరెట్టు సగంలోనే నలిపేశాడు. ఒకసారి గుమ్మంలో మేనకోడలి వైపు, ఒకసారి తన చేతుల వైపు చూసుకున్నాడు. 

"చెప్పనని దానికి మాటిచ్చాను" అన్నాడు చివరికి. "ఇప్పుడది లేదు. మీరు ఇంత మాట అన్నాక చెప్పకపోతే దానికి అన్యాయం చేసినవాణ్ణవుతా. సుతాన్, రొస్నిదార్ నడిపింది."

"ఏది నడిపింది?"

"మీ బండే. మీరు రాత్రి ట్రిప్పులు వేసి తెల్లారి వచ్చి పడుకునేవాళ్ళు. పైన గదిలో మీ గురక వినిపించాక, మేకుకున్న తాళం తీసుకుని నా దగ్గరికి వచ్చేది. నేర్పింది నేనే. నాలుగేళ్ళు, వారం వారం. యుల్ అప్పటికి బడికి పోతోంది."

జలినుస్ చిన్నగా నవ్వాడు, పిల్లలు చెప్పే అబద్ధం విన్నట్టు. "మీటరు నాకు తెలియదా దాతుక్? పడుకునే ముందు ఎంతుందో లేచాక అంతే ఉండేది. ఒక్క కిలోమీటరు తేడా వచ్చినా..."

"మీటరు తీగ విప్పేసేవాణ్ణి" అన్నాడు దాతుక్. "వెనక బిగించే మర ఉంటుంది కదా. తిరిగొచ్చాక మళ్ళీ బిగించేవాణ్ణి. పెట్రోలు నేను పోయించేవాణ్ణి. సీటు ముందుకి లాక్కునేది, దిగేటప్పుడు మళ్ళీ మీ చోటికే నెట్టేది. చెప్పులు మాత్రం నేను చెప్పకుండానే విప్పింది. 'ఆయన అలాగే నడుపుతాడు' అంది. ఆ నాలుగేళ్ళలో మీరు క్లచ్ ప్లేటు ఎన్నిసార్లు మార్చారు?"

జలినుస్ లెక్క వేసుకున్నాడు. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదు. ఆ సంగతి టీ దుకాణంలో గొప్పగా చెప్పుకుని తిరిగాడు కూడా. మెల్లగా మోకాళ్ళ మీంచి చాప మీదకి జారి కూర్చున్నాడు. మోసపోయానన్న కోపం రావాలి, అది వస్తుందేమోనని కాసేపు ఎదురు చూశాడు. రాలేదు. చెప్పులు విప్పి, సీటు ముందుకి లాక్కుని, రెండు చేతులా స్టీరింగు పట్టుకున్న ఆడమనిషి ఒకావిడ కళ్ళకి కట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసి ఆవిణ్ణి ఒక్కసారీ చూడలేదు. నూరు రోజులుగా ఒక మనిషి కోసమే బెంగ పెట్టుకున్నాననుకున్నాడు. ఇప్పుడు ఇంకొకరు కూడా కలిశారు.

"ఎక్కడికి వెళ్ళేది?" అని అడిగాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఘాటు పైదాకా. అంతే. పైన ఆపి, దిగకుండా అలాగే కూర్చుని ముందుకి చూసేది. ఎందుకే ఇక్కడికే వస్తావు, పాంగ్‌కలాన్ దాకా పోదామంటే వినేది కాదు. ఒకసారి గట్టిగా అడిగా. 'ఈ ఘాటు ఎక్కేటప్పుడు నేనేం మాట్లాడినా ఆయన పలకడు అన్నయ్యా. అంత ఏం చూస్తాడో నేనూ చూద్దామని' అంది."

"ఏమైనా కనిపించిందట?"

"'లారీల వెనక చక్రాలు కనిపించాయి' అంది. అని ఎంత నవ్విందనుకున్నారు!"

యుల్ మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. రాఫ్లెస్ ఫోను జేబులో పెట్టేశాడు. 

దాతుక్ జలినుస్ వైపు తిరిగాడు. "బండి కోసం పోట్లాడిన మనిషి బండి సంగతే మరిచిపోయారు. తీసుకెళ్ళండి సుతాన్. మీరు నడిపినన్నాళ్ళు నడపండి. ఇంటి తరఫున నేను చెప్తున్నా, ఇక ఎవరూ అడగరు. ఒరేయ్ రాఫ్లెస్, నీ స్పీకర్లు ఇంకో బండిలో పెట్టించుకో."

"నేనిప్పుడేమన్నానని!" అన్నాడు రాఫ్లెస్.

 

మర్నాడు పొద్దున అతని బట్టల సంచీ, పనిముట్ల పెట్టె వెనక సీట్లో ఎక్కాయి. అక్కగారి ఊరి పేరు సులికి, పొలాల మధ్య నుంచి గంట ప్రయాణం. దాతుక్ గేటు దాకా వచ్చి చేతులు కలిపి, ఆ చేతులు గుండెకి ఆనించుకున్నాడు. యుల్ తండ్రిని సాగనంపడానికి బడికి సెలవు పెట్టి, ముందు తలుపు తీసుకుని ఎడమ సీట్లో కూర్చోబోయింది. 

"అక్కడ కాదు" అన్నాడు జలినుస్.

"స్ప్రింగు గుచ్చుకుంటుందా అపా?"

"నువ్వు అటు కూర్చో." తాళం కూతురి చేతిలో పెట్టాడు. "దాతుక్ నాకిచ్చాడు. నేను నీకిస్తున్నా. మీ అమ్మది, నీకే రావాలి."

యుల్ తాళం వైపూ తండ్రి వైపూ చూసింది. "నాకు స్కూటరే వచ్చు. నీ బండి పాడైపోతుంది. ఒక్క పాదమే ఎరగాలంటావు కదా దానికి?"

"రెండెరుగునట. నాకే తెలీదు. మూడోది నీది కానీ."

యుల్ నవ్వబోయి, కళ్ళు తుడుచుకుని, చెప్పులు విప్పింది. సీటు ముందుకి లాక్కుంది. సీటు జరిగిన చప్పుడుకి జలినుస్ తల తిప్పి చూశాడు. వేడి సూది లేచేదాకా ఆగమన్నాడు, ఆగింది. క్లచ్ మెల్లగా వదలమన్నాడు, వదిలింది గానీ బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. గేటు దగ్గర దాతుక్ గొంతెత్తి, "వాళ్ళమ్మ అయితే మూడుసార్లు ఆపింది!" అని అరిచాడు. రెండోసారి కూడా ఆగింది. గేర్లు కరకరమన్నాయి. ఇన్నేళ్ళూ వేరే బండిలోంచి ఆ చప్పుడు వచ్చినా పళ్ళు నూరేవాడు జలినుస్, ఇప్పుడు కిక్కురుమనలేదు. మూడోసారి బండి కదిలింది.

వరి మిల్లు దాటాక దారి తిన్నగా సాగింది. యుల్ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మెడ ముందుకి చాచి నడుపుతోంది. జలినుస్ ఎడమ సీట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులకి ఏ పనీ లేదు. దారి చూద్దామనుకున్నాడు గానీ, ఎంత చూసినా చూపు కూతురి మొహం మీదకే వచ్చి నిలుస్తోంది. కనుబొమ్మ కింద చిన్న చెమట చుక్క, బిగించిన దవడ, చెవి వెనక్కి తోసుకున్న ముసుగు అంచు. ఈ సీట్లో కూర్చున్నవాళ్ళకి దారి కన్నా నడిపేవాళ్ళ మొహమే ఎక్కువ కనిపిస్తుందని ఆరున్నర లక్షల కిలోమీటర్లు నడిపినవాడికి ఇవాళ తెలిసింది. తన ఎడమ చెంప ఎలా ఉంటుందో తనకే తెలియదు. రొస్నిదార్‌కి తెలుసు.

"మీ అమ్మకి ఈ దారంటే ఇష్టం" అన్నాడు. "కోతలప్పుడు ఇటు తిప్పమనేది."

యుల్ పలకలేదు. ఎదురుగా ఎడ్లబండి ఒకటి వస్తోంది. 

"ఒకసారి ఇక్కడే దిగి, పిట్టల్ని తోలే డబ్బా తాడు లాగి చూసింది. చిన్నపిల్లలా. నువ్వప్పుడు కడుపులో ఉన్నావు." 

ఎడ్లబండి పక్కనుంచి జాగ్రత్తగా తప్పించింది యుల్. గేరు మార్చింది, ఈసారి కరకరమనలేదు. కళ్ళు దారి మీదే ఉన్నాయి. జలినుస్ ఇంకో మాట అనబోయి ఆగిపోయాడు. కిటికీ లోంచి పొలం గాలి వచ్చి మొహానికి తగిలింది. చాలా దూరం పోయాక, వంతెన దాటి దారి వెడల్పయ్యాక, యుల్ భుజాలు వదులు చేసి ఊపిరి పీల్చుకుంది.

"ఇందాక ఏదో అన్నావు అపా, ఏమిటి?"

"ఏం లేదులే. నడుపు" అన్నాడు.

అన్నాక గానీ తెలియలేదు, అది తన మాట కాదని. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ సీట్లోంచి రొస్నిదార్ తనతో అన్న మాట అది. ప్రతిసారీ నిజంగానే ఏం లేదనుకుని తను నడుపుతూ పోయాడు.